ఈ ఉదయం కోసినవి

కొట్టు పై గది,
సోమవారం

పిన్నీ,

ఈ ఉదయం గులాబీల బకెట్టులో ఒక జడపిన్ను దొరికింది. నల్లది, ఒక కాలు వంకర. దానికి ఒక నెరిసిన వెంట్రుక చుట్టుకుని ఉంది.

నాది కాదు. ఆంటీది కాదు, ఆంటీ జుట్టు మెడ దాకా కత్తిరించుకుంటారని నీకు తెలుసు. తోట నుంచి వచ్చిన పూలలోకి జడపిన్ను ఎలా వస్తుందా అని దాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు నిలబడ్డాను. తర్వాత పూలను చూశాను. కాడల చివర్లు నల్లబడి ఉన్నాయి. రెండు కాడలకి అలంకరణవాళ్ళు చుట్టే ఆకుపచ్చ టేపు ఇంకా అంటుకునే ఉంది.

బుధవారం, శనివారం తోట బండి వచ్చినప్పుడు నేనే దింపుకుంటాను. కాడలు నీళ్ళలో ముంచి ఏటవాలుగా కోస్తాను. లిల్లీల పుప్పొడి గిల్లేస్తాను, కొన్నవాళ్ళ బట్టలకి అంటకుండా. సోమవారం గులాబీలు మాత్రం నేను మెట్లు దిగేసరికే బకెట్లలో ఉంటాయి. ఎలా వచ్చాయని ఇన్నాళ్ళూ అడగలేదు. ఇవాళ అడిగాను.

"పువ్వు ఊరు పేరు మనకెందుకు పిల్లీ? ముక్కుకి వాసన, కంటికి రంగు. అంతేగా" అన్నారు ఆంటీ. నేను పిన్ను చూపించాను. ఆంటీ నవ్వారు. "నిన్న పెళ్ళి హాల్లోవి. ఊడ్చి పారేస్తుంటే తెచ్చుకున్నా. బయటి రెండు రేకులు వలిచేస్తే మళ్ళీ పెళ్ళికూతురే."

వలిచి చూపించారు కూడా. వాడిన అంచు పోయింది. లోపలి నుంచి మొగ్గలాంటి పువ్వు బయటపడింది. నిజంగానే ఎవరూ కనిపెట్టలేరు.

ఆ బకెట్టు పక్కన నల్లబోర్డు ఉంటుంది. దాని మీద "ఈ ఉదయం కోసినవి" అని ఉంటుంది. చేతిరాత నాది. ఇది నా పదమూడో సోమవారం. పన్నెండుసార్లు రాశాను. ఇవాళ పిన్ను దొరికేసరికే బోర్డు వాకిట్లో ఉంది కాబట్టి పదమూడు.

వచ్చే సోమవారం రాయను.

మేడ మీద అంతా బాగుంది. నా మొక్కలు పదిహేడు డబ్బాలయ్యాయి. ఎక్కువ పెయింటు డబ్బాలే, ఒకటి పగిలిన వాష్‌బేసిన్. జినియాలు విరగబూశాయి. చామంతి ఇంకా మొగ్గలే. పారేసిన గులాబీ కాడలు ఇసకలో గుచ్చితే వాటిలో నాలుగు చిగురు వేశాయి.

— పిల్లి

*

కుట్టుమిషను పక్క బల్ల,
గురువారం

పిల్లికూనా,

నీ ఉత్తరం చదువుతూ బొత్తాం కుడితే వేలికి సూది దిగింది. ఈ కాగితం మీద ఎర్రచుక్క కనిపిస్తే అది నీ పుణ్యమే.

ఫోను చేస్తే "ఊ", "ఆఁ" తప్ప మూడో అక్షరం పలకవు. అందుకే ఉత్తరాలు రాయమన్నాను. కాగితం మీద మాత్రం పులివి. సరే, పులిగారూ, నా మాట వినండి.

నువ్వు కొట్టులో చేరి మూడు నెలలు. దొరసాని, అదే మీ ఆంటీ, ఆ కొట్టులో కూర్చుని ఇరవై ఏళ్ళు. తాతకి దగ్గులు నేర్పకు. మీ అమ్మ పోయాక నిన్ను చదివించడం నా వంతయింది, చదివించాను. చదివాక ఏ ఆఫీసుకి పంపినా ఇంటర్వ్యూలో నోరు విప్పవు, ఇంటికొచ్చి దిండులో మొహం పెట్టుకుంటావు. అప్పుడు దొరసానికి రాశాను. "మాట్లాడదు, కానీ మొక్కలంటే ప్రాణం, అక్షరాలు ముత్యాలు" అన్నాను. పోస్టు అందిన రోజే "పంపు" అని జవాబు. గది ఇచ్చింది. మేడంతా నీకే ఇచ్చింది. నీకు మట్టి అంటే ఎంత పిచ్చో నాకు తెలుసు. అంత మేడ, అంత ఎండ నీకింకెక్కడ దొరుకుతాయి? ఇక్కడికొస్తే నా బాల్కనీలో నువ్వు నిలబడితే మొక్క బయట ఉండాలి, మొక్క ఉంటే నువ్వు బయట ఉండాలి.

నేను మాత్రం ఏం చేస్తున్నాను? చొక్కా కాలరు అరిగితే విప్పి, తిరగేసి కుడతాను. అరిగిన వైపు లోపలికి పోతుంది, బాగున్న వైపు బయటికొస్తుంది. వేసుకున్నవాడు ఇంకో రెండేళ్ళు తిరుగుతాడు. అది మోసమా? అదీ ఇదీ ఒకటే.

యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అనలేదు. చూసీ చూడనట్టు పో. కొండని పొట్టేలు ఢీకొంటే కొండకేం కాదు. కొమ్ములే విరుగుతాయి.

మీ బాబాయి నీ ఉత్తరం చదివి "పిల్ల కరెక్టుగానే చెప్పింది కదా" అన్నాడు. ఆయనకి ఇవాళ కాఫీ ఇవ్వలేదు.

పిన్ని

*

కొట్టు పై గది,
మంగళవారం

పిన్నీ,

కాలరు తిరగేసి కుట్టి, "కొత్త చొక్కా" అని చీటీ తగిలిస్తావా? తగిలించవు. అందుకే అదీ ఇదీ ఒకటి కాదు.

మా వీధిలో ఎదుటి వరసలో గడియారాలు బాగుచేసే ఆయన ఉన్నారు. ఒక్కరే ఉంటారు. ప్రతి సోమవారం మూడు గులాబీలు కొంటారు, ఇంట్లో బల్ల మీద పెట్టుకోవడానికి. శనివారం ఆయన కొట్టులోకి వచ్చి, కొనకుండా నిలబడ్డారు.

"అమ్మాయ్, ఒకటి అడుగుతా. నవ్వకూడదు."

"ఊ."

"పువ్వు నిలవని చేతులంటూ ఉంటాయా?"

నాకు అర్థం కాలేదు.

"పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్ళు మారుస్తా. పంచదార వేశా. ఎవరో చెబితే రాగి నాణెం వేశా. కిటికీ దగ్గర్నుంచి తీసి గోడవైపు పెట్టా. అయినా బుధవారానికి బల్లంతా రేకులే. పక్కింటావిడ పూలు వారం ఉంటాయి. మీరేమో ఈ ఉదయం కోసినవి అని రాసి మరీ అమ్ముతున్నారు. అంటే తప్పు నా దగ్గరే ఉండాలి కదా? గడియారమైతే విప్పి చూసుకునేవాణ్ణి. నా చేతులు నేనెలా విప్పుకోను?"

నవ్వుతూనే అన్నారు. అరచేతులు మాత్రం నా ముందు చాపారు. వేళ్ళ సందుల్లో నల్లని నూనె గీతలు. మేడ మీదికి పరుగెత్తి మూడు జినియాలు కోసుకొచ్చి ఆయన చేతిలో పెట్టి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాను. ఆయన నన్ను పిచ్చిదాన్ని అనుకుని ఉంటారు.

నిన్న సోమవారం. బోర్డు తుడిచి ఖాళీగా వాకిట్లో పెట్టాను.

"బోర్డు ఖాళీగా ఉందేం?" అన్నారు ఆంటీ.

"రాయను ఆంటీ."

"చేతికేమైంది?"

"చెయ్యి బాగానే ఉంది."

ఆంటీ కత్తెర కింద పెట్టారు. "ఓహో. కాన్వెంటు బయటికొచ్చిందన్నమాట. సరే, చెప్పు. ఎవరో పారేసిన పువ్వు నేను తెచ్చుకోవడం తప్పా?"

"కాదు."

"అదే చెత్తబండిలో పోతే పుణ్యమా?"

"కాదు."

"కొన్నవాళ్ళు ఇంటికెళ్ళి పెట్టుకుంటే బాగుంటుందా, ఉండదా?"

"ఉంటుంది."

"మరి నీ బాధేంటమ్మా?"

"అది ఈ ఉదయం కోసింది కాదు."

"నేను నిన్ను అబద్ధం రాయమన్నానా?"

నేను నేల వైపు చూశాను. రాలిన ఆకులు, తొడిమలు. ఊడవాలి అనుకున్నాను. ఆంటీ కాసేపు నన్ను చూసి, మళ్ళీ కత్తెర తీసుకున్నారు.

"నీతులు చెప్పడానికి మీ ఇంట్లో నువ్వొక్కదానివే దొరికావు. ఈ రేకులు వలిచే విద్య నాకెవరు నేర్పారో మీ పిన్నినడుగు."

అడుగుతున్నాను పిన్నీ.

— పిల్లి

*

కుట్టుమిషను పక్క బల్ల,
ఆదివారం

పిల్లికూనా,

నేనే.

ఈ మాట రాసి నాలుగు రోజులు కాగితం మిషను సొరుగులో పెట్టాను. ఇవాళ మిగతాది రాస్తున్నాను.

మొదట్లో మా ఇద్దరికీ కొట్టు లేదు. ఒక మేడ మెట్ల కింద చెక్కబల్ల, రెండు బకెట్లు. నేను కట్టేదాన్ని, దొరసాని అమ్మేది. దాని గొంతుకి వీధి చివరివాళ్ళు కూడా వెనక్కి తిరిగేవాళ్ళు. ఒక వారం వానలకి తోట బండి రాలేదు. బల్ల మీద ఏమీ లేదు. ఎదురుగా హాల్లో పెళ్ళి అయిపోయి పూలన్నీ గుమ్మం బయట కుప్పపోశారు. నేనే వెళ్ళి ఏరుకొచ్చాను. వలిచింది నేను. "పువ్వు వయసంతా బయటి రేకులోనే ఉంటుందే" అని పెద్ద కనిపెట్టినదానిలా దానికి చూపించాను. అది మొదట వద్దంది. నేను నవ్వాను. "నువ్వు దొరసానివమ్మా, నీకు ఏరుకున్నవి పనికిరావు" అన్నాను. ఆ పేరు అప్పుడు పెట్టిందే.

అప్పట్నుంచి ప్రతి పెళ్ళికీ అదే పని. పూలే కాదు, రిబ్బన్లు కూడా విప్పి, ఇస్త్రీ చేసి మళ్ళీ కట్టేదాన్ని. ఒకసారి ఆసుపత్రికి గుత్తి కావాలని ఒకాయన వస్తే తెల్లపూలు కట్టి ఇచ్చాను. మర్నాడు ఒక నర్సు ఆ గుత్తి పట్టుకుని వచ్చింది. రిబ్బను విప్పి బల్ల మీద పరిచింది. లోపలి మడతలో బంగారు అక్షరాలతో పెళ్ళికొడుకు పేరు, పెళ్ళికూతురు పేరు. ఆ గుత్తి వెళ్ళింది భర్త పోయి మూడు రోజులైన ఆవిడ మంచం దగ్గరికి.

నర్సు వస్తుంటే దూరం నుంచే చూశాను. చేతిలో గుత్తి చూశాను. మెట్ల వెనక తలుపు ఉంది, అందులోకి దూరాను. దొరసాని ఒక్కతే నిలబడింది. నర్సు తిట్టిన ప్రతి మాటా నాకు వినపడింది. వీధంతా మూగింది. "కట్టింది నేను కాదు" అని అది ఒక్క మాట అంటే చాలు. అనలేదు. తర్వాత నన్నూ ఏమీ అనలేదు. తలుపు తీసి "టీ తాగుదామా" అంది.

ఆ నెలే నేను మానేశాను. మణికట్టు నొప్పి అన్నాను. మణికట్టు నొప్పి ఉన్న మనిషి ఇన్నేళ్ళుగా బట్టల కత్తెర ఎలా పడుతోందని మీ బాబాయికి కూడా అనుమానం రాలేదు. ఆయనకి అనుమానాలు రావడం కొంచెం తక్కువే.

ఇప్పుడర్థమైందా? దాని ముందు తలెత్తే మొహం నాకు లేదు. నా పిల్లవి నువ్వు. నా అప్పు నువ్వు ఇంకో రకంగా పెంచకు. బోర్డు రాసెయ్. నా కోసం.

పిన్ని

*

కొట్టు పై గది,
శనివారం

పిన్నీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీ మీద కోపం లేదు. ఆంటీ మీద ఇదివరకటి కంటే ఇష్టం పెరిగింది. కానీ నువ్వు తలుపు వెనక నిలబడ్డావని నేను కూడా నిలబడలేను.

సోమవారం బోర్డు రాశాను. ఇలా రాశాను: "నిన్న పెళ్ళి హాల్లో ఉన్నవి. ఎల్లుండికి రాలతాయి. ఇవాళ మాత్రం అందంగా ఉంటాయి."

ఆంటీ గల్లాపెట్టె దగ్గర ఉండగానే గడియారాలాయన వచ్చారు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చదివారు. కిందికి దించి మళ్ళీ చదివారు.

"అయితే నా చేతులు మంచివేనన్నమాట" అన్నారు.

"ఊ."

"ఇన్నాళ్ళూ ఇవేనా?"

"ఊ."

"ఇన్నాళ్ళూ రాసింది నువ్వేనా?"

"నేనే."

ఆయన కొట్లాడతారనుకున్నాను. కొట్లాడలేదు. "పధ్నాలుగు వారాలు రెండు పూటలా నీళ్ళు మార్చాను అమ్మాయ్" అని, కొనకుండా వెళ్ళిపోయారు. ఆయన వీధి దాటేదాకా బోర్డు పక్కనే నిలబడ్డాను. లోపలికి వెళ్ళాలనిపించింది. వెళ్ళలేదు.

ఆ తర్వాత ఇద్దరు చదివి నవ్వి కొన్నారు. సాయంత్రం పార్టీకి అట, ఎల్లుండితో వాళ్ళకి పని లేదు. నలుగురు చదివి వెళ్ళిపోయారు. ఆంటీ తడిగుడ్డ తెచ్చి తుడిచేశారు. నేను మళ్ళీ రాశాను. మళ్ళీ తుడిచారు. మంగళవారం చాక్‌పీసుల పెట్టె బీరువాలో పెట్టి తాళం వేశారు. నేను అట్టముక్క మీద పెన్నుతో రాసి బకెట్టుకి దారంతో కట్టాను. బుధవారం తోట పూలు వచ్చాయి, వాటికీ కట్టాను: "ఇవి తోటవి. ఇవాళ్టివే." గురువారం ఇంకో పెళ్ళి పూలు వచ్చాయి, మళ్ళీ పాత అట్టే కట్టాను. ఆంటీ తెంపబోయి, ఆగి చదివి, "రాలతాయి ఏంటే అపశకునంలా? కనీసం వాడతాయి అనొచ్చు కదా" అన్నారు. "గులాబీ వాడదు ఆంటీ, రాలుతుంది" అన్నాను. ఒక్క క్షణం ఇద్దరికీ నవ్వొచ్చింది. తర్వాత తెంపేశారు. నేను ఇంకోటి కట్టాను.

నిన్న మాత్రం నవ్వలేదు. హాలువాళ్ళ మేనేజరు వచ్చి ఆ అట్ట చదివాడట. మా హాలు పేరు బజారున పెడుతున్నారా, ఇక పూలు ఇవ్వం అన్నాడట.

ఆంటీ మెట్ల కింద నిలబడి పైకి అరిచారు. "కొట్టు నాది. మేడ నాది. బోర్డు నాది. చెయ్యొక్కటే నీది. సోమవారానికల్లా పాత మాట రాసి ఆ మేనేజరుకి చూపిస్తావా, సరే. లేదంటే నీ చెయ్యి, నీ డబ్బాలు తీసుకుని నెలాఖరుకి దిగు."

"రాయను" అన్నాను.

"వినపడలేదు!"

నేను మెట్ల దగ్గరికి వచ్చి ఇంకోసారి అన్నాను. వీధిలోకి వినపడి ఉంటుంది. నా గొంతు అంత పెద్దదని నాకూ తెలీదు.

చామంతి విచ్చుకుంటోంది. పసుపుది, నేననుకున్న దానికంటే ముదురు రంగు. నెలాఖరుకి ఇంకా పదకొండు రోజులున్నాయి.

— పిల్లి

*

కుట్టుమిషను పక్క బల్ల,
బుధవారం

పిల్లీ,

కూన అనడం మానేశాను. కూనలు మెట్ల మీద నిలబడి అరవవు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు ఒకావిడ కొలతలకి వచ్చి ఉంది. చదివి, టేపు ఆవిడ మెడలోనే వదిలేసి, లోపలికెళ్ళి కూర్చున్నాను. "పిల్ల మెట్ల మీద నిలబడి అరిచిందట" అని మీ బాబాయికి చెప్పాను. "ఎవరు, మన పిల్లా?" అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకి కాఫీ పునరుద్ధరించాను.

"నా కోసం రాసెయ్" అన్నానే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేను భయంతో రాసిన దాన్ని ప్రేమ అనుకుని నువ్వు లొంగిపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే సిగ్గేస్తోంది. తలుపు వెనక నుంచి ఇన్నాళ్ళకి ఇవతలికి రావాలంటే దారి ఒకటే. దొరసానికి ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు. రిబ్బను గురించి రాశాను. "నీ దగ్గర తప్పు చేసింది నేను, దానికి పిల్లని బెదిరించకు. నీకు పౌరుషం ఉంటే బస్సెక్కి వచ్చి నన్ను తిట్టు" అని రాశాను. పోస్టులో వేసేశాను కూడా.

ఇక నీ సంగతి. దింపకు. ఒక్క డబ్బా కూడా నీ చేత్తో దింపకు. దించాలంటే వాళ్ళనే దించమను, నువ్వు చూస్తూ నిలబడు. రోడ్డున పడతావని భయపడకు. మీ బాబాయి చొక్కాలు ఆరేసుకునే దండెం తీసేస్తాను. ఆయన తడి చొక్కాలతో తిరుగుతాడు. నీ పదిహేడు డబ్బాల్లో ఆరు పడతాయి. మిగతా పదకొండూ మెట్ల మీద వరసగా పెడదాం. కింది వాటావాళ్ళు కేకలేస్తారు. వెయ్యనీ. ఇప్పుడు మనింట్లోనూ అరిచేవాళ్ళున్నారు.

రా అనడం లేదు. ఉండు అనడమూ లేదు. నీకేది తోస్తే అది చెయ్. రాయను అన్నది మాత్రం మార్చుకోకు.

పిన్ని

*

గడియారాల కొట్టు మెట్టు,
శుక్రవారం

పిన్నీ,

మూడు వారాలు ఉత్తరం రాయలేదు. తీరిక లేక. ఈ మాట నా జీవితంలో మొదటిసారి రాస్తున్నాను.

నెలాఖరు రోజు ఉదయం ఆంటీ మేడెక్కారు. మోకాళ్ళ నొప్పితో ఆ మెట్లు ఎక్కి ఎన్నేళ్ళయిందో. ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి మోకాలికి. వెనక సామాను మోసేవాళ్ళు ఇద్దరు. నేను మేడ గుమ్మంలో నిలబడ్డాను.

"జరుగమ్మా" అన్నాడు ఒకాయన.

"జరగను."

ఆయన ఆంటీ వైపు చూశాడు. ఆంటీ నా వైపు చూశారు. "చివరిసారి అడుగుతున్నా. రాస్తావా?"

"రాస్తాను. హాల్లోవైతే హాల్లోవని రాస్తాను."

"మొండిఘటం. మీ పిన్ని ఉత్తరం వచ్చింది. ఇరవై ఏళ్ళకి నోరు తెరిచింది. నిజం ఆలస్యంగా చెప్పడం మీ ఇంటి జబ్బు."

ఇద్దరు మనుషులూ మెట్ల మీద కూర్చున్నారు. ఒకాయన బీడీ తీసి, ఆంటీని చూసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. నేను కదలలేదు. అలా ఎంతసేపో తెలీదు, ఎండ గుమ్మం దాటి నా పాదాల మీదికి వచ్చింది. చివరికి ఆంటీ నా పక్కనుంచి, నన్ను తోయకుండా, అడ్డంగా తిరిగి లోపలికి వచ్చారు. చామంతి దగ్గర వంగి డబ్బా చెవులు పట్టుకుని ఎత్తారు. తడిమట్టి, పిన్నీ. మోకాలు వంగిపోయింది.

నీ మాట నేను వినలేకపోయాను. రెండో చెవి నేను పట్టుకున్నాను. ఆ ఒక్క డబ్బా ఇద్దరం కలిసి దింపాం. మెట్టు మెట్టుకీ ఆగుతూ. మధ్యలో చెప్పాను. "ఈ మేడ మీ సొంతం ఆంటీ. దిగమంటే దిగుతాను. రాత నాది. అది ఇవ్వను."

"చూసుకుని దిగు" అన్నారు ఆంటీ. అంతే అన్నారు. మిగతా పదహారూ వాళ్ళిద్దరూ దింపారు.

వీధిలో వరసగా పెట్టేసరికి నడిచేవాళ్ళకి దారి లేదు. ఒకావిడ ఆగి జినియా డబ్బా ఎంత అంది. అమ్మకానికి కాదు అనబోయి, ఎందుకు కాదు అనుకున్నాను. అప్పుడు గడియారాలాయన తన కొట్టు లోంచి వచ్చారు. ఆ సోమవారం తర్వాత నాతో మాట్లాడలేదు. డబ్బాల వంక చూసి, "నాకు మెట్టుతో పని లేదు. నా గిరాకీ అంతా లోపలే. కానీ ఒక షరతు. నా కొట్టు ముందు ఏం రాసినా సరైన టైము రాయాలి" అన్నారు. వీధి దాటించడానికి ఆ ఇద్దరు మనుషులూ మళ్ళీ పనికొచ్చారు. కూలీ తీసుకోలేదు, చెరొక బంతి మొక్క తీసుకున్నారు.

ఇప్పుడు ఆడవాళ్ళ హాస్టల్లో ఉంటున్నాను. కిటికీ ఉంది. ఉదయం ఇక్కడికి వచ్చి కోస్తాను. ఒక్కో డబ్బాకి ఒక పలక ముక్క తగిలించాను. ఏ రోజు కోస్తే ఆ రోజు రాస్తాను. నిన్నటివి మిగిలితే నిన్నటివని రాసి మెట్టు చివర పెడతాను. అవి కూడా పోతున్నాయి. పూలు తక్కువ, మధ్యాహ్నానికి అయిపోతున్నాయి. తోట బండివాడు వారానికి రెండు కట్టలు నాకూ ఇస్తానన్నాడు. చాలామంది ఎలా పెంచాలో అడుగుతారు. చెబుతాను. మొదటివారం గొంతు బొంగురుపోయింది. ఆ నాలుగు గులాబీల్లో రెండు దింపేటప్పుడు పోయాయి. రెండు ఉన్నాయి.

మేము ఎదురెదురుగా ఉన్నాం. ఆంటీ రోజంతా నన్ను చూస్తారు, నేను ఆంటీని చూస్తాను. మాట్లాడుకోవడం లేదు. నిన్న బస్సు దిగి సంచీతో ఆ కొట్టులోకి వెళ్ళింది నువ్వేనని దూరం నుంచే గుర్తుపట్టాను. సాయంత్రం నువ్వు నా దగ్గరికి వచ్చేసరికి కళ్ళు వాచి ఉన్నాయి. ఏం మాట్లాడుకున్నారో అడగలేదు, నువ్వు చెప్పలేదు. నువ్వు బస్సెక్కేశావు. అందుకే ఇది ఉత్తరంలో రాస్తున్నాను.

ఇవాళ ఉదయం ఆంటీ కొట్టు ముందు నల్లబోర్డు మళ్ళీ వచ్చింది. ఆంటీ చేత్తోనే రాసుకున్నారు. వంకర అక్షరాలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. "గులాబీలు" అని ఉంది. ఇంకేమీ లేదు.

నేను చేరిన మొదటి సోమవారం ఆంటీ నన్ను రాయమన్నది కూడా ఆ ఒక్క మాటే. దాని కింద "ఈ ఉదయం కోసినవి" అని, చదవడానికి బాగుంటుందని, నేను చేర్చాను.

— పిల్లి